చక్రాల ఇంట దీపము: సీసము నుంచి లిథియము దాకా

హైదరాబాదు నగరానికి తూర్పున, విజయవాడ పోయే పెద్దబాట వెంబడి ఎల్.బి. నగరు దాటితే మన్సూరాబాదు వస్తుంది. పెద్దచెరువు పేరు ఇంకా మిగిలి ఉన్న ఈ పాత పల్లె ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. దానికి దగ్గరలోనే వనస్థలిపురము, జింకలకు ప్రసిద్ధికెక్కిన హరిణ వనస్థలి, ఆ పక్కనే లారీలకూ బస్సులకూ మరమ్మతులు చేసే ఆటోనగరు ఉన్నాయి. పగలూ రాత్రీ బండ్లు నడిచే చోటు ఇది.

ఇంట్లో మీట నొక్కితే దీపం వెలుగుతుంది. ఆ విద్యుత్తు వీధిలోని స్తంభం నుంచి వచ్చిందని పిల్లలకు కూడా తెలుసు. అయితే ఇల్లే చక్రాలమీద కదిలిపోతే, స్తంభం దాని వెంట రాదు కదా! కారుకో జీపుకో తగిలించి లాగించే ట్రైలరు ఇళ్లు పడమటి దేశాలలో చాలా కాలంగా వాడుకలో ఉన్నాయి. మన దేశంలోనూ వాటిని క్యారవాన్లు అనే పేరుతో అక్కడక్కడ చూడవచ్చు. అటువంటి ఇంటిలో పంకా తిరగాలి, దీపం వెలగాలి, చిన్న ఫ్రిజ్ చల్లగా ఉండాలి. పాత సీసపు బ్యాటరీని తీసివేసి లిథియము బ్యాటరీ పెట్టటము, కప్పుమీద సౌరఫలకాలు బిగించటము ఇప్పటి పద్ధతి. చూపుకు ఇది ఒక పెట్టె తీసి మరొక పెట్టె పెట్టినంత సులువు. కాని ఆ రెండు పెట్టెల వెనుక నూట అరవై ఏళ్లకు మించిన చరిత్ర ఉన్నది. అది తెలియకుండా తీగలు కలిపితే ప్రమాదము కూడా ఉన్నది.

రాత్రిపూట ఎడ్లబండి కింద ఊగుతూ పోయిన లాంతరును పెద్దలు ఎరుగుదురు. ఆ లాంతరులో వెలుగుకు కావలసిన నిల్వ దానిలోనే ఉండేది. గిద్దెడో సోలెడో కిరసనాయిలు పోస్తే తెల్లవారేదాకా చాలేది. బండి నడిచినా ఆగినా దీపానికి తేడా లేదు. విద్యుత్తుకు ఈ సౌకర్యము లేదు. పుట్టిన క్షణంలోనే అది ఖర్చు కావాలి, లేదా మరొక రూపంలోకి మారి దాగి ఉండాలి. దానిని దాచే కుండ దొరకటమే బండి దీపం కథలో మొదటి ఘట్టము.

ఆ కుండను 1859లో ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే తయారు చేశాడు. రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి, పలుచని గంధకామ్లంలో ముంచి, విద్యుత్తును పంపాడు. ఒక రేకు సీసముగానే ఉండగా, మరొకదానిమీద సీసపు పెరాక్సైడు ఏర్పడింది. బయట తీగ కలిపితే రెండు రేకులమీదా సీసపు సల్ఫేటు పేరుకుంటూ విద్యుత్తు తిరిగి వెలువడింది. మళ్లీ విద్యుత్తును ఎక్కిస్తే పదార్థాలు మొదటి స్థితికి వచ్చాయి. 1881లో కమీలె ఫోరె రేకులకు సీసపు ఆక్సైడుల ముద్దను పూసి, ఘటానికి నిల్వశక్తిని బాగా పెంచాడు. అదే ఏడు ఇంగ్లండులో లండను-బ్రైటను మార్గాన నడిచే ఒక పుల్మన్ రైలుపెట్టెలో ఫోరె ఘటాలతో దీపాలు వెలిగించారు. చక్రాలమీద ఇంటికి బ్యాటరీ దీపం పెట్టిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. స్టేషనులో ఘటాలను నింపుకొని, దారిలో ఖర్చు చేసుకుంటూ పోవటము ఆ పద్ధతి. లాంతరులో నూనె పోసినట్లే అన్నమాట.

రైలు అంతకు ఏడేళ్ల ముందే, 1874లో, వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. ఆ కాలపు రైళ్లలో వాడుక నూనె దీపాలదే. దూరప్రయాణాలకు స్టేషనులో నింపుకొనే బ్యాటరీ చాలదు. ప్రయాణం సాగుతుండగానే విద్యుత్తు పుట్టాలి. చక్రము తిరుగుతున్నది కనుక దాని ఇరుసునుంచి బెల్టు వేసి డైనమోను తిప్పితే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

డైనమో ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. రైలు ఒకసారి నత్తనడక నడుస్తుంది, మరొకసారి పరుగెత్తుతుంది, స్టేషనులో ఆగుతుంది, ఇంజను మారితే వెనుకకు కూడా పోతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీకన్న తక్కువై, బ్యాటరీలోని విద్యుత్తే ఎదురు ప్రవహించి డైనమోలో వృథా అవుతుంది. పరుగెత్తేటప్పుడు బ్యాటరీ ఉడికిపోతుంది, దీపాలు మాడిపోతాయి. దిశ మారితే ధనధ్రువము, రుణధ్రువము తారుమారవుతాయి. పుట్టించే యంత్రానికీ దాచే ఘటానికీ మధ్య ఒక పెద్దమనిషి కూర్చుని తగవు తీర్చాలి.

ఇంగ్లండులోని జె. స్టోన్ కంపెనీ 1890ల నడుమ దీనికి తెచ్చిన పరిష్కారము చూడముచ్చటైనది. డైనమోను పెట్టె అడుగున గట్టిగా బిగించక, ఒక పక్కగా ఊగేటట్లు వేలాడదీశారు. దాని బరువే బెల్టును బిగువుగా ఉంచుతుంది. రైలు వేగము హెచ్చి బెల్టు లాగుడు ఒక హద్దు దాటగానే, డైనమో కొంచెము ఇరుసువైపు ఊగుతుంది. బెల్టు వదులై జారుతుంది. కనుక రైలు ఎంత పరుగెత్తినా డైనమో దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. ఇక డైనమో ఇరుసుకు అమర్చిన గవర్నరు, చాలినంత వేగం వచ్చిన తరువాతనే బ్యాటరీని దానితో కలుపుతుంది. వేగం తగ్గగానే విడదీస్తుంది. రైలు దిశ మారితే తీగల కలయికను కూడా మారుస్తుంది. ఇందులో ఎలక్ట్రానిక్ పరికరము ఒక్కటీ లేదు. ట్రాన్సిస్టరు పుట్టటానికి అర్ధశతాబ్దము ముందే, ఒక తోలుబెల్టు జారటంతో ఆ తగవు తీరింది.

మన దేశపు రైలుపెట్టెలలో ఇరుసు డైనమో, సీసపు బ్యాటరీల జంట దశాబ్దాలపాటు రాజ్యమేలింది. మొదట 24 వోల్టుల పద్ధతి, తరువాత 110 వోల్టుల పద్ధతి వాడుకలోకి వచ్చాయి. వోల్టేజి పెంచటానికి కారణము చాలా చిన్న లెక్కలో ఉన్నది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. వోల్టేజి హెచ్చితే అదే పనికి తక్కువ ఆంపియర్లు చాలుతాయి, సన్నని తీగ సరిపోతుంది. ఈ లెక్క ట్రైలరు ఇంటి దగ్గర మళ్లీ ఎదురవుతుంది. చిన్న స్టేషనులో బండి చాలాసేపు ఆగితే దీపాలు మసకబారి, కదిలి ఊపందుకోగానే కళకళలాడటము పాతతరము ప్రయాణికులకు గుర్తే. బ్యాటరీ ముసలిదైనదని ఆ మసకే చెప్పేది.

రోడ్డుమీది బండ్లు కూడా ఇదే దారి తొక్కాయి. నిజాము స్టేటు రైల్వే రోడ్డు రవాణాశాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రారంభమైంది. ఇప్పటి ఆర్.టి.సి.లకు అదే మూలము. మోటారు బండ్లలో బెల్టు జారటానికి బదులు, డైనమో అయస్కాంత క్షేత్రాన్ని హెచ్చించి తగ్గించే చిన్న రెగ్యులేటరు ఆ పనికి కుదిరింది. 1960 దశకంలో డైనమో స్థానాన్ని ఆల్టర్నేటరు ఆక్రమించింది. అందులోని సిలికాన్ డయోడులు విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తాయి. గవర్నరు మీట చేసిన పనిని, కదిలే భాగమే లేని ఒక రాతిముక్క చేస్తున్నదన్నమాట.

క్యారవాను అనే మాటకు హైదరాబాదు కొత్త కాదు. పారసీకంలో కార్వాన్ అంటే కలిసి ప్రయాణించే వర్తకుల గుంపు. గోలకొండకూ పాతనగరానికీ నడుమ వర్తకులు విడిది చేసిన పేట పేరు ఇప్పటికీ కార్వానే. ఇక తెలుగువారందరూ ఎరిగిన చక్రాల ఇల్లు 1982లో బయలుదేరింది. ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యానును మార్పించి, చైతన్యరథమని పేరు పెట్టి, నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగాడు. రాజకీయము అటుంచి, విద్యుత్తు దృష్టితో చూస్తే అటువంటి బండి సమస్య ఆసక్తికరమైనది. మామూలు మోటారుబండికి ఇంజను నడిచేటప్పుడే విద్యుత్తు అవసరము ఎక్కువ. చక్రాల ఇంటికి బండి ఆగిన తరువాతనే అవసరము ఎక్కువ. రోడ్డు కూడలిలో ఆగాక మైకు పలకాలి, దీపము వెలగాలి, మనిషి నిద్రపోయేటప్పుడు పంకా తిరగాలి. రైలుపెట్టెను స్టేషనులో బాధించిన మసక ఇక్కడ రాత్రంతా వెంటాడుతుంది.

ఆగిన బండికి విద్యుత్తు ఇచ్చే సాధనము ఆకాశమార్గాన వచ్చింది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఛేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించారు. తనమీద పడిన సూర్యశక్తిలో నూటికి ఆరు పాళ్లను అది విద్యుత్తుగా మార్చింది. ధర చూస్తే ఇళ్లకు అందేది కాదు. కాని స్తంభాలు లేని చోటికి, అంటే అంతరిక్షానికి, అది తగినది. 1958 మార్చిలో వాన్‌గార్డ్-1 అనే చిన్న ఉపగ్రహము రెండు ప్రసారిణులతో వెళ్లింది. మామూలు బ్యాటరీ మీద పనిచేసింది ఆ వేసవికే మూగబోయింది. సౌరఘటాల మీద పనిచేసింది 1964 దాకా పలికింది. మన మొదటి ఉపగ్రహమైన ఆర్యభట 1975 ఏప్రిల్ 19న ఎగిరింది. దాని ఒంటినిండా సౌరఘటాలు ఉన్నాయి. అయినా కొద్దిరోజులలోనే విద్యుత్ సరఫరాలో లోపము వచ్చి, అందులోని శాస్త్రప్రయోగాలు ఆగిపోయాయి. ఎండ ఉన్నంత మాత్రాన చాలదనటానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

రైలు కప్పుమీదికి సౌరఫలకాలు ఎక్కటానికి ఇంకా చాలా కాలము పట్టింది. 2017 జూలై 14న ఢిల్లీలో భారతీయ రైల్వే ఒక డీజిలు రైలును ప్రారంభించింది. ఆ రైలులో ఆరు పెట్టెల కప్పులమీద, పెట్టెకు పదహారు చొప్పున, 300 వాట్ల ఫలకాలు అమర్చారు. అన్నీ కలిపితే 29 కిలోవాట్లకు కొంచెము తక్కువ. ఆ రైలు ఇంజను 1600 అశ్వశక్తులది, అంటే సుమారు 1190 కిలోవాట్లు. కనుక అది ఎండతో నడిచే రైలు అని ఎవరైనా అంటే నమ్మరాదు. ఎండ దానిలో దీపాలనూ పంకాలనూ నడిపింది. ఆ మేరకు డీజిలు మిగిలింది. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చు. ఒక కొత్త సాధనము ఏమి చేయగలదో తెలుసుకోవటము ఎంత అవసరమో, ఏమి చేయలేదో తెలుసుకోవటమూ అంతే అవసరము.

ఇక లిథియము. లోహాలన్నిటిలో తేలికైనది, నీటిమీద తేలుతుంది, ఎలక్ట్రానును సులభంగా వదులుకుంటుంది. ఈ చపల స్వభావమే దాని బలము, దాని భయము కూడా. 1970 దశకంలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియము అయానులు పొరల మధ్య దూరి బయటికి వచ్చే ఘటాన్ని చేశాడు. 1980లో జాన్ గుడినఫ్ బృందము కోబాల్టు ఆక్సైడుతో వోల్టేజిని పెంచింది. 1985లో జపానుకు చెందిన అకీరా యోషినో శుద్ధ లిథియమునకు బదులు కర్బనపదార్థాన్ని రుణధ్రువంగా పెట్టి ఘటాన్ని నిలకడకు తెచ్చాడు. 1991లో సోనీ దానిని అంగడికి పంపింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము లభించింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97.

ట్రైలరు ఇంటికి ముఖ్యమైన ఘట్టము మాత్రము వేరు. గుడినఫ్ ప్రయోగశాలలో పనిచేసిన ఇద్దరు భారతీయులు, అక్షయ పాధి, కె.ఎస్. నంజుండస్వామి, ఆయనతో కలిసి 1997లో ఇనుపఫాస్ఫేటు ధనధ్రువాన్ని వివరించే పత్రము ప్రకటించారు. కోబాల్టు ఆక్సైడు బాగా వేడెక్కితే ప్రాణవాయువును వదులుతుంది. అది మంటకు ఆజ్యము పోయటమే. ఫాస్ఫేటులో ప్రాణవాయువు భాస్వరమును గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక అంత తొందరగా విడిపోదు. బరువుకు తగిన నిల్వ కొంచెము తక్కువే. కాని మనుషులు నిద్రించే పెట్టెలో కొంచెము బరువుకన్న ప్రాణము ముఖ్యము.

ఈ మార్పు తెలుగునేలమీద కూడా కనబడుతున్నది. 1977లో హైదరాబాదు బ్యాటరీస్ పేరిట ఒక సంస్థ ప్రత్యేక అవసరాల ఘటాల తయారీకి పుట్టింది. 1985లో తిరుపతి దగ్గర స్థాపితమైన అమరరాజా సీసపు బ్యాటరీలతో పేరు తెచ్చుకొని, 2023లో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియము ఘటాల కర్మాగారానికి శంకుస్థాపన చేయించింది. మన్సూరాబాదుకు ఎంతో దూరం లేని బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనసంస్థ లిథియము ఇనుపఫాస్ఫేటు పొడిని ఇక్కడనే తయారు చేసే పద్ధతులమీద పనిచేసింది.

ఇప్పుడు ట్రైలరు ఇంటి పెట్టెను తెరచి చూద్దాము. 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ మీద 1200 వాట్-గంటలు అని రాసి ఉన్నట్లే లెక్క. కాని దానిని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే రేకులమీది సల్ఫేటు గట్టిపడి ఆయుష్షు తరుగుతుంది. కనుక చేతికి వచ్చేది 600. అదే కొలతగల ఇనుపఫాస్ఫేటు బ్యాటరీలో 3.2 వోల్టుల ఘటాలు నాలుగు వరుసగా ఉంటాయి. మొత్తము 12.8 వోల్టులు, 1280 వాట్-గంటలు. అందులో వెయ్యికి పైగా నిర్భయంగా వాడుకోవచ్చు. బరువు సీసపుదానిలో సగానికన్న తక్కువ.

చిక్కులు రెండవ రోజున మొదలవుతాయి. సీసపు బ్యాటరీ ఖాళీ అవుతున్న కొద్దీ వోల్టేజి మెల్లమెల్లగా దిగుతుంది. వోల్టుమీటరు చూసి నిల్వ ఎంత ఉన్నదో చెప్పవచ్చు. లిథియము బ్యాటరీ చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజి చూపి, ఉన్నట్టుండి పడిపోతుంది. అందుచేత పోయిన ఆంపియర్లను, వచ్చిన ఆంపియర్లను జమాఖర్చు కట్టే మీటరు కావాలి. ఇంకొక చిక్కు ఆల్టర్నేటరుది. సీసపు బ్యాటరీ నిండుతున్నకొద్దీ తానే విద్యుత్తును అడ్డుకుంటుంది. లిథియము బ్యాటరీకి లోపలి నిరోధము చాలా తక్కువ. ఆల్టర్నేటరు ఇచ్చినంతా తాగుతుంది. ఎండాకాలంలో, ఇంజను నెమ్మదిగా తిరుగుతూ గాలి చాలనప్పుడు, ఆల్టర్నేటరు చుట్టలు మాడిపోగలవు. ఈ రెంటి మధ్య 20 లేక 30 ఆంపియర్లకు మించి పోనీయని డి.సి.-డి.సి. చార్జరును పెడతారు. సౌరఫలకానికీ బ్యాటరీకీ మధ్య మరొక కంట్రోలరు ఉంటుంది. బ్యాటరీ లోపల నాలుగు ఘటాల వోల్టేజినీ వేడినీ కనిపెట్టి, హద్దు మీరితే తెగ్గొట్టే బి.ఎం.ఎస్. అనే పలక ఉంటుంది. స్టోన్ కంపెనీవారి జారే బెల్టు, గవర్నరు మీట చేసిన కాపలా పని ఇప్పుడు ఈ మూడు పెట్టెలకు పంచి ఇచ్చారు. వీటిని ఖర్చనుకొని మానివేసేవారు, ఊగని డైనమోను గట్టిగా బిగించిన రైలుపెట్టెలో కూర్చున్నట్లే.

తీగ సంగతి అంతకన్న తరచు మరచిపోతారు. 1200 వాట్ల పొయ్యి ఇంట్లో 230 వోల్టులమీద అయిదారు ఆంపియర్లే లాగుతుంది. 12 వోల్టుల బ్యాటరీనుంచి ఇన్వర్టరు ద్వారా అదే పొయ్యి నూరు ఆంపియర్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక పాత దీపాల తీగ అక్కడ కరిగిపోతుంది. బొటనవేలంత లావు రాగితీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే తగిన ఫ్యూజు ఉండవలసినది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, ఒక భవనపు కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు పుట్టాయి. వాటి పొగ పైనున్న హోటలు గదులలోకి ఎక్కి ఎనిమిదిమంది చనిపోయారు. నిద్రించే గది కింద బ్యాటరీలు ఉంటే ఏమి జరగగలదో నగరము అప్పుడు చూసింది. విద్యుత్ వాహనాల బ్యాటరీల పరీక్షలను దేశంలో ఆ ఏడు చివరినుంచి కఠినము చేశారు. ఎవరికి వారు కూర్చుకున్న ట్రైలరు బ్యాటరీకి మాత్రము కూర్చినవాని జాగ్రత్తే పరీక్ష.

మన్సూరాబాదులో నిలిపిన ఒక ట్రైలరుకు రోజువారీ లెక్క వేస్తే ఇలా ఉంటుంది. 30 వాట్ల పంకా పది గంటలకు 300 వాట్-గంటలు. దీపాలన్నీ కలిపి 20 వాట్లు, అయిదు గంటలకు 100. చిన్న ఫ్రిజ్ 45 వాట్లది, రోజులో సగము సేపు నడిస్తే 540. ఫోన్లకు 60. మొత్తము వెయ్యి, అంటే ఒక యూనిట్టు. హైదరాబాదు ఎండ సాలు సగటున రోజుకు సుమారు అయిదు గంటల నిండు ఎండకు సమానము. 300 వాట్ల ఫలకము 1500 వాట్-గంటలు ఇవ్వాలి. కాని మే నెలలో రేకు కప్పుమీద ఫలకము 65 డిగ్రీలకు కాగుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి నూటికి 0.4 వంతు తరిగితే, అక్కడే నూటికి పదహారు పోతాయి. ఎండ ఎక్కువైతే విద్యుత్తు కూడా అంతగా ఎక్కువవుతుందని అనుకునే విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు. ఫలకానికి కావలసినది వెలుతురు, వేడి కాదు. దుమ్ము, తీగలు, కంట్రోలరు తమ వాటా తీసుకోగా 1050 మిగులుతాయి. లెక్క సరిపోయింది. మబ్బుపట్టిన ఆషాఢ శ్రావణాలలో అది సగానికి దిగుతుంది. అప్పుడు ఇంజనునుంచి వచ్చే చార్జరే దిక్కు.

ఏసీ సంగతి వేరు. ఒక టన్ను ఏసీ నడిచేటప్పుడు వెయ్యి వాట్లు లాగుతుంది. రాత్రంతా ఆగుతూ నడిచినా అయిదారు యూనిట్లు కావాలి. అంటే అటువంటి ఫలకాలు అయిదారు, బ్యాటరీలు అయిదారు. ట్రైలరు కప్పంతా పరచినా అంతంతమాత్రమే. హైదరాబాదులో సినిమా చిత్రీకరణలకు వెళ్లే చల్లని క్యారవాన్ల వెంట ఇప్పటికీ జనరేటరు బండి ఉండేది అందుకే.